చెట్టు కింద పెట్టిన చితాభస్మం, మాడుతున్న ఆకులు

నాన్నగారి చితాభస్మం మొత్తం నిమ్మచెట్టు మొదట్లో ఒకే గుంటలో పెట్టామని, అప్పటినుంచి ఆకులు మాడిపోతున్నాయని రాశారు. చదివి బాధేసింది. టెన్షన్ పడకండి, ఇలాంటి చెట్లు కోలుకునే అవకాశం ఉంది.

భస్మం ఎరువులా పనిచేస్తుందనుకుంటాం గానీ, అందులో ఎక్కువ భాగం ఎముకల్లోని కాల్షియం ఫాస్ఫేటే. గరుకు ఇసుకలా ఉంటుంది, తడిస్తే ముద్ద కట్టి గట్టిపడుతుంది. సోడియం లవణాలు ఎక్కువ, పీహెచ్ 11 దాటొచ్చు, అంటే క్షార గుణం చాలా ఎక్కువ. ఉప్పు పేరుకుంటే వేళ్లు నీరు పీల్చుకోలేవు. అందుకే మట్టి తడిగా ఉన్నా ఆకు కొసలు, అంచులు గోధుమ రంగుకి తిరుగుతాయి. క్షారం వల్ల ఇనుము అందక లేత ఆకులు పసుపెక్కి, ఈనెలు మాత్రం పచ్చగా కనిపిస్తాయి. నిమ్మజాతికి ఈ రెండూ పడవు.

వేళ్లు తెగకుండా చేత్తో మట్టి తోడి ఆ ముద్దని బయటికి తీయండి. తీస్తే అపచారమేమో అని మీకు అనిపించవచ్చు, కానీ ఆయన పేరున పెట్టిన చెట్టుని కాపాడటమూ ఆయన కోసమే కదండీ. గుంటని కొత్త మట్టి, కంపోస్టుతో నింపి, నీరు బాగా ఇంకే నేలైతే నిండుగా తడపండి, ఉప్పు కిందికి దిగిపోతుంది. తీసిన భస్మాన్ని కనీసం పదింతల మట్టి, కంపోస్టులో కలిపి, వేళ్లకు దూరంగా పలచగా పరవండి. కొంచెం కొంచెంగా, నెలల తేడాతో వేస్తే ఇంకా మంచిది.

సున్నం, కట్టె బూడిద మాత్రం వేయొద్దు. ఎరువు కూడా ఇప్పుడే వద్దు. మాడిన ఆకులు మళ్లీ పచ్చబడవు, కొత్త చిగుళ్లు ఎలా వస్తున్నాయో చూడండి.