దారి తప్పించే విద్య: చిన్నాకి పెద్దమ్మ ఉత్తరం

చిన్నా,

నువ్వు పంపిన మేజ్, అదే దారి వెతుక్కునే చిక్కు బొమ్మ, నిన్న అందింది. గళ్ల కాగితం మీద నల్ల ఇంకుతో ఎంత ఓపిగ్గా గీశావురా! ఒక్క గీతా వంకర పోలేదు. కాకపోతే నలభై సెకన్లలో దారి దొరికిపోయింది. మొహం ముడుచుకోకు. ఎలా దొరికిందో చెప్పడానికే ఈ ఉత్తరం.

నేను మొదటి వాకిలి దగ్గర మొదలుపెట్టలేదు. చివరి వాకిలి దగ్గర పెన్సిల్ ఆనించి వెనక్కి నడిచాను. ముప్ఫై ఏళ్లుగా ఈ బొమ్మలతో కాపురం చేస్తున్నదాన్ని, ఆ మాత్రం దొంగబుద్ధి ఉంటుంది. నువ్వు మొదట్లో ఉత్సాహంగా సందు మీద సందు, అంటే గోడకు తగిలి ఆగిపోయే తప్పు దారులు, తీశావు. చివరికొచ్చేసరికి చెయ్యి అలిసిపోయిందో, భోజనానికి పిలిచారో, ఆఖరి పావు భాగమంతా ఒకటే బోసి దారి. పైగా నీ సందులన్నీ లోపలికి వచ్చేవాడి మొహానికి ఎదురుగా తెరుచుకున్నాయి. అటునుంచి వచ్చేవాడికి అవి వీపు తిప్పి నిలబడ్డట్టుంటాయి, దూరాలనే అనిపించదు.

అభిమన్యుడికి పద్మవ్యూహంలోకి వెళ్లడం తెలుసు, బయటికి రావడం తెలియదు. మేజ్‌లు గీసేవాళ్లలో చాలామంది అభిమన్యులే. లోపలికి తీసుకెళ్లడం శ్రద్ధగా గీస్తారు, బయటివైపు గాలికొదిలేస్తారు. దీనికి నేను చేసే పని ఒకటుంది. అసలు దారి పెన్సిల్‌తో గీయడం అయ్యాక కాగితాన్ని తలకిందులు చేస్తాను. ఇప్పుడు చివరి వాకిలే మొదటి వాకిలి అనుకుని, సగం సందులు అటునుంచి తీస్తాను. రెండువైపులా ఎవరొచ్చినా ఎదురుగా ఓ సందు నోరు తెరుచుకుని ఉండాలి.

అసలు సంగతి సందులే. నువ్వు నీ శ్రమంతా అసలు దారి మీద పెట్టావు, ఎన్ని మెలికలు తిప్పావో! కానీ ఆడేవాడు ఎక్కువసేపు ఉండేది తప్పు దారుల్లో. రెండు గళ్లు వెళ్లగానే గోడ కనిపించే సందు సందే కాదు, అలంకారం. కంటితోనే తేలిపోతుంది, పెన్సిల్ అటు తిరగను కూడా తిరగదు. తప్పు దారి కూడా మెలికలు తిరగాలి, దానికీ ఓ కూడలి ఉండాలి, ఆ కూడలిలో మళ్లీ రెండు తప్పులు ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, అది గమ్యం వైపు నడుస్తున్నట్టు కనిపించాలి. అసలు దారేమో అప్పుడప్పుడూ గమ్యానికి వీపు పెట్టి దూరంగా పోవాలి. మనిషి ఎప్పుడూ వెళ్లాల్సిన వైపుకే అడుగు వేస్తాడు. ఆ అలవాటును పట్టుకోవడమే మన విద్య.

నీ మేజ్ గట్టిదో కాదో నీకే తెలియాలంటే రంగు పెన్సిళ్లు తీసుకో. అసలు దారికి ఆనుకుని ఎన్ని తప్పు దారులు మొదలవుతాయో చూసి, ఒక్కోదానికి ఒక్కో రంగు వెయ్యి. దాని పిల్ల సందులకు కూడా అదే రంగు. అన్నీ అయ్యాక కాగితాన్ని దూరంగా పెట్టి చూడు. చిన్న చిన్న రంగు మరకలు చాలా కనిపిస్తే మేజ్ తేలిక. మూడు నాలుగు పెద్ద రంగు మడులు, మధ్యలో ఒకటీ అరా మరకలు ఉంటే ఆడేవాడికి చెమట పట్టినట్టే. నీ కాగితానికి ఈ పరీక్ష చేశాను. పదిహేడు రంగులు కావాల్సొచ్చింది, నా డబ్బాలో పన్నెండే ఉన్నాయి!

లెక్క కూడా ఒకటి చెబుతాను, నీకు లెక్కలంటే ఇష్టం కదా. అడ్డం 20, నిలువు 20 అంటే 400 గళ్లు. లోపలి గోడలన్నీ కట్టి ఉంటే అవి 760. ప్రతి గడికీ దారి ఉండాలి, ఏ రెండు గళ్ల మధ్యా ఒక్కటే దారి ఉండాలి అనుకుంటే సరిగ్గా 399 గోడలు తీసెయ్యాలి. మిగిలేవి 361. ఎలాంటి ఆకారంలో గీసినా, ఎంత మెలికలు తిప్పినా ఈ లెక్క మారదు. ఇంకో గోడ తీశావంటే ఎక్కడో చుట్టుదారి ఏర్పడుతుంది. 399 తీశాక కూడా చుట్టుదారి కనిపించిందంటే ఇంకెక్కడో ఓ మూల మూసుకుపోయిందన్నమాట, వెతుక్కో. చుట్టుదారి తప్పేమీ కాదు, నాకైతే ఇష్టం కూడా. తెలిసి పెట్టాలి, అంతే.

కంప్యూటర్‌తో గీయించుకోవచ్చు కదా అని అడిగావు. గీయించు, చూడు, నేర్చుకో. ఒక పద్ధతిలో అది దారి దొరికినంత దూరం తవ్వుకుంటూ పోయి, ఇక కుదరనప్పుడు వెనక్కొచ్చి మళ్లీ తవ్వుతుంది. అలా పుట్టినవాటిలో పొడవాటి వంకర దారులుంటాయి, సందులు తక్కువ. ఇంకో పద్ధతిలో మొదటి గడి నుంచి అన్ని వైపులా పాకుతూ పెరుగుతుంది. అందులో పొట్టి సందులు కుప్పలు. రెండూ ఆడేవాడి మొహం చూడవు. నువ్వు చూడగలవు, చేతితో గీయడంలో ఉన్న లాభం అదొక్కటే. అందుకే గీసిన ప్రతిదీ ఒక మనిషికిచ్చి, పక్కన కూర్చుని, నోరు కట్టేసుకుని చూడు. పెన్సిల్ ఎక్కడ ఆగింది, ఎక్కడ ఆలోచించకుండా తిరిగింది అన్నది గుర్తు పెట్టుకో. ‘అటు కాదు’ అనే మాట నోటి చివరిదాకా వస్తుంది. మింగెయ్యి.

బొమ్మలా కనిపించే మేజ్ గీయాలని రాశావు, ఏనుగో, చెట్టో. దానికి తొందరపడకు, కానీ కిటుకు చెబుతాను. నీడ రావాల్సిన చోట గోడలు దగ్గర దగ్గరగా, వెలుగు ఉన్నచోట దూరం దూరంగా. గీత నడిచే దిశ కూడా బొమ్మే. ఏనుగు పొట్ట మీద గుండ్రంగా తిరిగే దారులు, తొండం మీద అడ్డగీతలు, వెనక ఆకాశంలో పడుకున్న గీతలు. దూరం నుంచి చూస్తే ఏనుగు, దగ్గరికొస్తే దారి. దారికి రంగు నింపితే బొమ్మ తేలే రకం కూడా ఒకటుంది. పిల్లలకు సరదాగా ఉంటుంది. కానీ సగం తేలగానే ఏనుగని తెలిసిపోతుంది, మిగతాది మేజ్ ఆడినట్టు కాదు, రంగు నింపినట్టే.

సామాను గురించి పెద్దగా చెప్పేదేం లేదు. మెత్తని పెన్సిల్, మంచి రబ్బరు, ఒకే మందం పెన్ను, ట్రేసింగ్ కాగితం. ఇంకు ఆరకుండా రబ్బరు పెట్టకు.

ఇప్పుడు నిన్ను కొంచెం వెనక్కి తీసుకెళతాను. నువ్వు రెండు మాటలనూ ఒకటిగా వాడుతున్నావు. మేజ్ వేరు, లాబిరింత్ వేరు. మేజ్‌లో కూడళ్లుంటాయి, తప్పిపోతావు. లాబిరింత్‌లో ఒక్కటే దారి. ఎన్ని మెలికలు తిరిగినా అది నిన్ను మధ్యకే చేరుస్తుంది, తప్పిపోవాలన్నా కుదరదు. గ్రీకు కథలో క్రీట్ రాజు కోసం డెడలస్ అనే శిల్పి కట్టిన లాబిరింత్‌లోకి థీసియస్ అనే వీరుడు వెళతాడు, బయటికి రావడానికి ఆ రాజు కూతురు అరియాడ్నే దారపు ఉండ ఇస్తుంది. కానీ అదే క్రీట్ దీవిలోని నోసోస్ నగరం పాత నాణేల మీద ముద్రించిన లాబిరింత్‌లో కూడలి అన్నదే లేదు. తప్పిపోనివ్వని దారికి దారం ఎందుకో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. మన హళేబీడు హొయసలేశ్వరాలయం గోడ మీద చెక్కిన వ్యూహం కూడా ఆ లాబిరింత్‌ను పోలిన ఆకారంలోనే ఉంటుంది.

ముందు ఆ నాణేల మీది ఏడు చుట్ల లాబిరింత్ గీయడం నేర్చుకో. మధ్యలో పెద్ద కూడిక గుర్తు వెయ్యి. దాని నాలుగు ఖాళీల్లో ఒక్కో మూలమట్టం ఆకారం (ఇంగ్లీషు L లాంటిది) పెట్టు, మూల లోపలికి, చేతులు బయటికి. నాలుగు చివరి మూలల్లో ఒక్కో చుక్క. ఇప్పుడు కూడిక గుర్తు పై కొసను, దాని కుడి పక్కనున్న కొసతో చిన్న కమానులా కలుపు. తర్వాత ఎడమవైపు మిగిలిన మొదటి కొసను, కుడివైపు మిగిలిన మొదటి కొసతో. చుక్కలు కూడా కొసల లెక్కే. అలా ఒక్కో కమాను ముందుదాని మీదుగా వెళ్లేలా గీస్తూ, పక్కలకు దిగి, కిందిదాకా రా. మొత్తం ఎనిమిది కమానులు. ఎనిమిదోది కూడిక గుర్తు కింది కొసను చేరితే గెలిచావు. మొదటిసారి ఎవరికైనా అయిదో కమాను దగ్గర తికమక వస్తుంది.

గీశాక వేలితో నడువు. బయటి నుంచి చుట్లకు అంకెలు వేస్తే దారి నడిచే వరుస ఇది: 3, 2, 1, 4, 7, 6, 5, ఆ తర్వాత మధ్య. చూశావా, లోపలికి అడుగు పెట్టగానే మూడో చుట్టు, ఆనక బయటి అంచుకు తోసేస్తుంది. ఏడో చుట్టులో ఉన్నప్పుడు మధ్యభాగం గోడకు అవతలే ఉంటుంది, అయినా రానివ్వదు, మళ్లీ వెనక్కి పంపుతుంది. ఇందాక తప్పు దారుల గురించి చెప్పానే, దగ్గరైనట్టు చూపించి దూరం చేయడం, ఆ పాఠం ఒక్క కూడలి కూడా లేకుండా ఇందులో ఉంది. ఇటలీలోని లుక్కా కెథడ్రల్ (పెద్ద చర్చి) వసారాలో నిలువు రాతి మీద చిన్న లాబిరింత్ చెక్కి ఉంది, వేలితో నడవడానికి సరిపోయే పరిమాణం. ఫ్రాన్స్‌లో షార్త్ర్ కెథడ్రల్ నేల మీద ఉన్నది 13వ శతాబ్దం నాటిది. దాదాపు 13 మీటర్ల వెడల్పు, 11 చుట్లు. అంత చిన్న చోటులో దారి పొడవు పావు కిలోమీటరు దాటుతుంది. వెళితే ముందే కనుక్కుని వెళ్లు, చాలా రోజులు దాని మీద కుర్చీలు వేసి ఉంటాయి.

మనం లోపలికెళ్లి నడిచే మేజ్‌ల దగ్గరికొస్తే, కాగితం మీద ఆరితేరినవాళ్లం కూడా అక్కడ పసిపిల్లలమే. పైనుంచి చూసే వీలు లేదు కదా. ఇంగ్లండ్‌లో హాంప్టన్ కోర్ట్ మేజ్ 1690ల నుంచీ ఉంది, చిన్నదే. కుడి చెయ్యి కానీ ఎడమ చెయ్యి కానీ పొద గోడకు ఆనించి, తీయకుండా నడిస్తే మధ్యకు చేరతావు. ఈ చిట్కా తెలిశాక నాకు గర్వం తలకెక్కింది. ఇంకో తోటలో అలాగే చెయ్యి ఆనించి నడిచి, ఒకే చెక్క బల్లను మూడుసార్లు చూశాను. మూడోసారి దాని మీద కూర్చున్నాను. అక్కడి గమ్యం చుట్టూ ఉన్న గోడ బయటి గోడతో ఎక్కడా కలవదు, దీవిలా విడిగా ఉంది. చెయ్యి ఎప్పటికీ బయటి గోడ చుట్టూనే తిప్పుతుంది. 1820లలో ఇంగ్లండ్‌లోనే చెవెనింగ్ అనే చోట నాటిన మేజ్ ఈ చిట్కాను ఓడించేలా గీసిందే. నువ్వు గమ్యాన్ని మధ్యలో పెడితే ఈ ఎత్తు వాడుకో. వాకిళ్లు రెండూ బయటి గోడలోనే ఉంటే మాత్రం పనిచేయదు, చెయ్యి ఆనించినవాడు ఎంత ఆలస్యమైనా బయటపడతాడు.

దీవులున్నా పనిచేసే పద్ధతి ట్రెమో అనే ఫ్రెంచ్ ఆయనది. లూకాస్ అనే గణిత శాస్త్రవేత్త 1882లో అచ్చువేయించాడు. నడిచిన దారికి రెండు కొసల దగ్గరా గుర్తు పెట్టుకుంటూ పోవాలి. కొత్త దారిలో నడిచి పాత కూడలికి వస్తే వెంటనే వెనుదిరగాలి. లేకపోతే గుర్తు లేని దారి పట్టాలి, అదీ లేకపోతే ఒక్క గుర్తున్న దారి. రెండు గుర్తులున్న దారిలోకి మళ్లీ అడుగు పెట్టకూడదు. తోటల్లో గుర్తులంటే కొమ్మలు విరవడం, కాగితాలు పడెయ్యడం కాదు సుమా. జేబులో చిన్న పుస్తకం పెట్టుకుని కూడళ్లు గీసుకో. ఇంగ్లండ్‌లోని లాంగ్‌లీట్‌లో 1975లో వేసిన మేజ్‌కు గోడలుగా 16,000కు పైగా యూ అనే రకం చెట్లు, మధ్యలో వంతెనలు కూడా ఉన్నాయి. అలాంటి చోట పుస్తకం లేకుండా వెళ్లకు. వంతెన ఎక్కితే పైనుంచి కనిపిస్తుంది కదా అని సంబరపడతావు, దిగేసరికి చూసిందంతా మర్చిపోతావు.

లక్నో బడా ఇమాంబాడాలోని భుల్‌భులయ్యా మాత్రం తప్పక చూడు. 1784లో మొదలైన కట్టడం. కింద స్తంభాలు లేని పెద్ద హాలు, దాని పైకప్పు బరువు తగ్గడానికి చుట్టూ, పైనా వదిలిన ఇరుకు దారులే ఆ చిక్కు. ఒకేలా ఉండే 489 గుమ్మాలు. ఎవరినో తప్పించాలని గీసింది కాదు, అయినా మనం గీసినవాటి కంటే బాగా తప్పిస్తుంది. అన్నీ ఒకేలా ఉంటే గుర్తు పెట్టుకోవడానికి మనసుకు పట్టు దొరకదు. నీ కాగితం మీద కూడా ఈ ఉపాయం పనికొస్తుంది. ఒకేలా కనిపించే కూడళ్లు మూడు పక్కపక్కనే పెట్టి చూడు, పెన్సిల్ ఎన్నిసార్లు వెనక్కొస్తుందో.

నీ కాగితం దీంతోనే తిరిగి పంపుతున్నాను. నేను బయటపడిన దారి ఎర్ర పెన్సిల్‌తో గీశాను. ఆఖరి పావు భాగంలో సందు తియ్యాల్సిన చోట్లు సున్నాలు చుట్టాను, ఆరున్నాయి. అదే మేజ్‌ను మళ్లీ గీసి పంపు, కొత్తది వద్దు. ఈసారి కూడా చివరి వాకిలి నుంచే మొదలుపెడతాను, గడియారం పక్కనే పెట్టుకుంటాను.

నీ
పెద్దమ్మ