కళ్లు మూసుకుంటే ఊపిరాడటం లేదు

ప్రశ్న: మాది హనుమకొండ. వయసు 41. ప్రైవేటు పాఠశాలలో పాఠాలు చెబుతాను. మావారు ఏనుమాముల మార్కెట్లో ఒక అడ్తి దుకాణంలో గుమస్తా. మిర్చి సీజన్‌లో తెల్లవారకముందే వెళ్లి రాత్రికి గానీ ఇంటికి రారు. ఏడాదిన్నర క్రితం అత్తమ్మకు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది, మాట పోయింది. బడి వేళల్లో ఒక ఆయమ్మ చూసుకుంటుంది. మిగతా అన్నీ నేనే. కాజీపేటలో ఉన్న ఆడపడుచు ఆదివారాలు వచ్చి చూసిపోతుంది. రెండు నెలలుగా తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తోంది, గుండె బరువెక్కుతోంది. పోయిన వారం అత్తమ్మ జావ ఉమ్మేస్తే గ్లాసు నేలకేసి కొట్టాను. ఆమె భయంగా చూసిన చూపు మరచిపోలేకపోతున్నాను. ‘రోజూ ధ్యానం చేసుకో, అన్నీ సర్దుకుంటాయి’ అంటారు మావారు. ఫోనులో పెట్టుకుని ఇరవై నిమిషాలు కూర్చుంటే ఆలోచనలు ఇంకా ముసురుకుంటున్నాయి, ఊపిరి బిగుసుకుంటోంది. నాకు ధ్యానం కూడా చేతకాదా?

జవాబు: అమ్మా, ముందు ఆ మూడు గంటల మెలకువ సంగతి చూద్దాం. రెండు నెలలుగా నిద్ర చెడిపోవడం, గుండె బరువు, ఉన్నట్టుండి కోపం పొంగడం... ఇలాంటివి రెండు వారాలు దాటితే వైద్యులకు చూపించుకోవాలి. బీపీ, థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు చేయించుకోండి, గుండె కూడా చూపించుకోండి. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. అక్కడ మందు రాసిస్తే సంకోచించకుండా వాడండి. మందు చేయవలసిన పని ధ్యానంతో జరగదు.

ఇక మీరు అడిగిన ప్రశ్న. మైండ్‌ఫుల్‌నెస్ అని ఇప్పుడు అందరూ అంటున్న దానికి మన భాషలో చక్కని మాట ఉంది: ఎరుక. దాని మూలం బౌద్ధంలో ఉంది. పాళీలో దాన్ని ‘సతి’ అన్నారు, అంటే సంస్కృతంలో ‘స్మృతి’. మనసు ఎటో వెళ్లిపోయిందని గుర్తుకు రావడం, వెనక్కి రావడం. ఇరవై నిమిషాల్లో మీ మనసు యాభై సార్లు అత్తమ్మ మంచం దగ్గరికో, బడి పనుల దగ్గరికో పోయిందనుకోండి. పోయిందని మీకు తెలిసిన ప్రతిసారీ మీరు ఆ సాధన చేసినట్టే. ఆలోచనలు ఆగిపోవాలని ఎవరో చెప్పి ఉంటారు, దాన్ని నమ్మి మీరు మిమ్మల్ని నిందించుకుంటున్నారు.

ఊపిరి బిగుసుకోవడం మాత్రం వేరు. అలసి, భయపడి ఉన్నవాళ్లు కళ్లు మూసుకుని శ్వాసనే గమనిస్తే కొందరికి ఆందోళన పెరుగుతుంది. ఇది తెలిసిన విషయమే, మీలో లోపం కాదు. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో జాన్ కబాట్-జిన్ ఈ సాధనను రోగుల కోసం ఎనిమిది వారాల శిక్షణగా మలిచారు. నేర్పే మనిషి ఎదురుగా ఉంటారు, ఇబ్బంది వస్తే అడగవచ్చు. మీరేమో ఒంట్లో సత్తువ లేని వేళ, ఒక్కరే ఫోనుతో కూర్చున్నారు. కొన్నాళ్లు అది మానేయండి.

మీకు బతుకమ్మ పేర్చడం వచ్చే ఉంటుంది. గునుగు కాడలు ఒకే పొడవుకు తుంచి, రంగులద్ది, తంగేడు పూల వరుస మీద వరుస పేరుస్తుంటే చూపు చేతి వేళ్ల దగ్గరే ఉంటుంది. మధ్యలో మాటలు, పాటలు సాగుతున్నా చెయ్యి వరుసకే తిరిగి వస్తుంది. ఎరుక అంటే నేను చెప్పేది అదే, మీకు కొత్తది కాదు. బడి నుంచి వచ్చాక గేటు తీసే ముందు ఒక్క నిమిషం నిలబడండి. కళ్లు తెరిచే ఉంచండి. పాదాల కింద నేల గట్టిదనం, భుజం మీది సంచి బరువు గమనించండి. ఊపిరి ఇబ్బంది పెట్టకపోతే మెల్లగా వదలండి, పీల్చిన దానికన్నా వదలడం కాస్త ఎక్కువసేపు ఉండాలి. అలా వదిలేటప్పుడు గుండె వేగం కొద్దిగా తగ్గుతుంది, శరీరం స్వభావమే అది. అత్తమ్మకు నీళ్లు పోసేటప్పుడు నీటి వేడి మీ అరచేతికి తెలియనివ్వండి. ఇంతే చాలు. కోపం పొంగే ముందు దవడ బిగుసుకోవడమో, మెడ వేడెక్కడమో కొన్నాళ్లకు మీకే తెలుస్తుంది. అప్పుడు గ్లాసు కింద పెట్టి గది బయటికి రండి.

అయితే ఒక మాట గట్టిగా చెప్పాలి. ముగ్గురు మోయవలసిన బరువు ఒక్కరి మీద వేసి, ఆ ఒక్కరినీ ధ్యానం చేసుకోమనడం న్యాయం కాదు. మీ వారికి ఈ జవాబు చదివించండి. సీజన్‌లో ఆయన కష్టం తక్కువని నేను అనను. కానీ ఆయన తల్లి ఆమె. రాత్రి వచ్చాక మందులు వేయడం, పక్క మార్చడం ఆయన చేయగలరు. ఆడపడుచును ఆదివారం చూసిపోవడానికి కాకుండా, శనివారం సాయంత్రం నుంచి ఉండేలా రమ్మనండి. ‘వీలుంటే’ అనకండి, రోజు, వేళ చెప్పి అడగండి. ఆ సాయంత్రం మీరు భద్రకాళి చెరువు గట్టు మీద నడవండి, లేదా పడుకోండి.

జావ ఉమ్మేయడం మొండితనం కాకపోవచ్చు. పక్షవాతం వచ్చినవాళ్లలో చాలామందికి మింగడం కష్టమవుతుంది, మింగినది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. కూర్చోబెట్టి కొంచెం కొంచెంగా పట్టండి, ఆమె వైద్యుడికి ఈ సంగతి త్వరగా చెప్పండి.

మూడింటికి మెలకువ వచ్చి, బతుకు మీద విరక్తి లాంటి ఆలోచన ఏదైనా తోస్తే తెల్లవారే దాకా ఆగకండి. మీవారిని లేపండి, 14416కి ఫోను చేయండి. ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య ఫోను సేవ అది, పేరు టెలి మానస్. ఉచితం, ఇరవై నాలుగు గంటలూ తెలుగులో మాట్లాడతారు.

ఆ గ్లాసు విషయం. మాట పోయినవాళ్లకు మన మాట చాలావరకు అర్థమవుతూనే ఉండవచ్చు. ‘ఆ రోజు నేను అలా చేసి ఉండకూడదు అత్తమ్మా, అలసిపోయాను’ అని చెప్పండి. ఆమె ఎడమ చెయ్యి పట్టుకుని చెప్పండి, ఆ చేతికి స్పర్శ తెలుస్తుంది.