పాత కనెక్షన్ తీసేసే ముందు: మేనకోడలికి ఒక ఉత్తరం

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

ఫోను, ఇంటర్నెట్, టీవీ మూడింటికీ కలిపి వచ్చే బిల్లు ఏటా పెరుగుతోందనీ, మరో కంపెనీ చాలా తక్కువకే ఇస్తామంటోందనీ, వెంటనే మారిపోవచ్చా అనీ అడిగావు. మారవచ్చు. నేను ఇప్పటికి ఐదుసార్లు మారడానికి పూనుకున్నాను. మూడుసార్లు నిజంగానే డబ్బు మిగిలింది, ఒకసారి లాభనష్టాలు సరిసమానమయ్యాయి, ఒకసారి మాత్రం మిగిలినదాని కంటే పోయినదే ఎక్కువ. ఆ తేడాకు కారణం కంపెనీల మంచిచెడ్డలు కావనీ, ఏ పని ముందు చేశాను, ఏది తర్వాత చేశాను అన్నదేననీ నాకు ఆలస్యంగా అర్థమైంది. కాబట్టి ఏ కంపెనీకి మారాలో ఇందులో రాయడం లేదు, ఏ వరుసలో మారాలో రాస్తున్నాను.

ముందుగా కొత్త కంపెనీ ప్రకటనను పక్కన పెట్టి, పాత బిల్లులు మూడు నెలలవి ముందు వేసుకుని ఒక్కొక్క పద్దూ చదువు. మనలో చాలామంది కట్టవలసిన మొత్తాన్ని చూస్తారే తప్ప అది ఎలా వచ్చిందో చూడరు. రౌటర్ అద్దె, ఎవరూ కూర్చోని గదిలోని టీవీకి పెట్టిన రెండో సెట్‌టాప్ బాక్సు అద్దె, ఎప్పుడో ఒక నెల ఉచితమంటే సరేనన్న ఛానళ్ల ప్యాకేజీ, ల్యాండ్‌లైనుకు తగిలించిన, నువ్వు ఒక్కసారి కూడా వాడని సదుపాయాలు, ఇలాంటివి ఆ కాగితంలో నిశ్శబ్దంగా కూర్చుని ఉంటాయి. వీటిని తీయించుకోవడానికి కంపెనీ మారనక్కరలేదు, ఒక్క ఫోను చాలు. అలా తీయించాక మిగిలే మొత్తం ఎంతో, దానితోనే కొత్త ధరను పోల్చాలి. ఇప్పటి ఉబ్బిన బిల్లుతో పోలిస్తే ఏ ప్లానైనా చవకగానే కనిపిస్తుంది. బిల్లు చూస్తున్నప్పుడే పాత ఒప్పందం ఏ తేదీన ముగుస్తుందో, ముందే వదిలేస్తే ఎంత రుసుము కట్టాలో, ఎన్ని రోజుల ముందు నోటీసు ఇవ్వాలో కూడా రాసి పెట్టుకో. మూడింటికీ ఒకే గడువు ఉంటుందనుకోకు. టీవీకి ఒక తేదీ, ఇంటర్నెట్‌కు మరో తేదీ ఉండటం మామూలే.

ఇక లెక్క సంగతి. ప్రకటనలో పెద్ద అక్షరాల్లో కనిపించేది మొదటి కొన్ని నెలల ధర మాత్రమే. ఒక కంపెనీ మొదటి 12 నెలలు నెలకు 60 చొప్పున, ఆ తర్వాత 100 చొప్పున తీసుకుంటూ, బిగింపు ఖర్చు కింద 120 అడుగుతోందనుకో. మరో కంపెనీ బిగింపు ఖర్చు లేకుండా మొదటి నెల నుంచీ 80 చొప్పున తీసుకుంటోందనుకో. మొదటిదే నెలకు 20 తక్కువని తోస్తుంది. కానీ 24 నెలలకు కూడితే మొదటిది 720, 1200, 120 కలిసి 2040 అవుతుంది, రెండోది 1920 దగ్గర ఆగుతుంది. అందువల్ల నెల ధరను ఎప్పుడూ పోల్చవద్దు. పన్నులు, పెట్టెల అద్దె, బిగింపు ఖర్చు, పాత ఒప్పందాన్ని ముందే వదిలినందుకు కట్టవలసిన రుసుము అన్నీ కలిపి, కొత్త ఒప్పందం పూర్తి కాలానికి ఎంతవుతుందో ఒక కాగితం మీద వేసి చూడు. మూడూ ఒకే చోట తీసుకుంటే తగ్గింపు ఇస్తామన్నప్పుడు, అందులో ఒకటి నీకు అసలు అక్కరలేనిదైతే, అది లేకుండా మిగతా రెండింటి ధర విడిగా అడుగు. అక్కరలేని దానికి తగ్గింపు ధర కట్టినా అది ఖర్చే.

ఇంటర్నెట్ వేగం విషయంలో మనచేత అవసరానికి మించి కొనిపించడం సర్వసాధారణం. ప్రకటనలో చెప్పే వేగం మెగాబిట్లలో ఉంటుంది, మనం దించుకునే ఫైళ్ల పరిమాణం మెగాబైట్లలో ఉంటుంది. ఒక బైటుకు 8 బిట్లు కాబట్టి, సెకనుకు 100 మెగాబిట్ల కనెక్షన్‌లో సెకనుకు వచ్చేది మహా అయితే 12.5 మెగాబైట్లు. దీన్ని చూసి వేగం తక్కువైందని కంగారు పడనక్కరలేదు. హెచ్‌డీ వీడియోకు సుమారు 5 మెగాబిట్లు, 4కే వీడియోకు 15 నుంచి 25 మెగాబిట్లు చాలు. ఒక గదిలో 4కే సినిమా, మరో రెండు గదుల్లో హెచ్‌డీ వీడియోలు, వీటితో పాటు ఒక వీడియో కాల్ ఒకేసారి నడిచినా 40 దరిదాపులకే చేరుతుంది. అలాంటి ఇంటికి 100 ధారాళంగా సరిపోతుంది, 1000 పెట్టించుకుంటే బిల్లు పెరుగుతుందే తప్ప బొమ్మ మెరుగుపడదు. ఇంటి నుంచి పని చేస్తూ పెద్ద ఫైళ్లు పంపే నీకు అప్‌లోడ్ వేగమే ముఖ్యం, దాన్ని ప్రకటనల్లో చిన్న అక్షరాల్లో వేస్తారు. కేబుల్ టీవీ తీగ మీద వచ్చే ఇంటర్నెట్‌లో అప్‌లోడ్ సాధారణంగా డౌన్‌లోడ్ కంటే బాగా తక్కువ, ఫైబర్ మీద రెండూ సమానంగా ఇచ్చే ప్లాన్లు ఉంటాయి. పాత రాగి టెలిఫోను తీగ మీద వచ్చే డీఎస్ఎల్‌కైతే టెలిఫోను ఎక్స్ఛేంజి నుంచి ఇల్లు ఎంత దూరమైతే వేగం అంత పడిపోతుంది. భూమికి 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉండే ఉపగ్రహం ద్వారా వచ్చే కనెక్షన్‌లో మన మాట పైకి వెళ్లి, కిందికి దిగి, జవాబు మళ్లీ అదే దారిన రావడానికి దాదాపు అర సెకను పడుతుంది. సినిమా చూడటానికి అది అడ్డు కాదు కానీ, వీడియో కాల్‌లో ఇద్దరూ ఒకేసారి మాట్లాడి ఒకేసారి ఆగే అవస్థ తప్పదు. నెలవారీ డేటా పరిమితి ఉందా, అది దాటితే వేగం ఎంతకు తగ్గిస్తారు అన్నది కూడా అడుగు.

ఇంకొక మాట. ఇప్పుడున్న ఇంటర్నెట్ నెమ్మదిగా ఉందని మారుతున్నట్లయితే, తప్పు నిజంగా కంపెనీదేనా అని ముందు తేల్చుకో. ల్యాప్‌టాప్‌ను తీగతో నేరుగా రౌటర్‌కు తగిలించి, పొద్దున ఒకసారి, అందరూ వాడే రాత్రి వేళ ఒకసారి వేగం కొలిచి చూడు. తీగ మీద సరిగ్గా వచ్చి పడకగదిలో రాకపోతే దోషం వైఫైది. 2.4 గిగాహెర్ట్జ్ సంకేతం గోడలు దాటి దూరం పోతుంది గానీ వేగం తక్కువ, 5 గిగాహెర్ట్జ్‌కు వేగం ఎక్కువ గానీ గోడలంటే నీరసం. రౌటర్‌ను మూలన ఉన్న బీరువా వెనక నుంచి తీసి ఇంటి నడిమధ్య ఎత్తైన చోట పెట్టడంతోనే మా ఇంట్లో సగం ఫిర్యాదులు తీరిపోయాయి. అది తెలియక అంతకు ముందు ఒకసారి కంపెనీయే మార్చాను, లాభనష్టాలు సరిసమానమైన ఉదంతం అదే.

అన్నింటికంటే జాగ్రత్తగా చేయవలసింది ఫోను నంబరు మార్పిడి, అంటే ఉన్న నంబరునే కొత్త కంపెనీకి తరలించడం. నంబరు నీతోనే ఉండాలంటే ఆ నంబరు మార్పిడి పూర్తయ్యే రోజు వరకు పాత కంపెనీలో బతికే ఉండాలి. ముందుగానే ఫోను చేసి కనెక్షన్ తీసేయమన్నావంటే, ఆ నంబరు వాళ్ల ఖాతాలోకి తిరిగి పోతుంది, దాన్ని వెనక్కి తెచ్చుకోవడం చాలాసార్లు సాధ్యం కాదు. మబ్బును చూసి ముంతలో నీళ్లు ఒలకబోసుకోవడమంటే ఇదే. కొత్త కంపెనీకి దరఖాస్తు పెట్టి, నంబరు తెచ్చే పని వాళ్లకే అప్పగించు. దరఖాస్తులో పేరు, చిరునామా, ఖాతా సంఖ్య పాత బిల్లులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. కనెక్షన్ ఇప్పటికీ మీ నాన్నగారి పేరిట ఉంటే ఆయన పేరుతోనే పెట్టాలి. ఇలాంటి చిన్న తేడా వల్లనే ఎక్కువ దరఖాస్తులు తిరిగి వస్తాయి. మరొక మెలిక ఏమిటంటే, ఇంటర్నెట్ కూడా ఆ ఫోను తీగ మీదే వస్తున్నట్లయితే, నంబరు వెళ్లిపోయిన క్షణాన ఇంటర్నెట్ కూడా ఆగిపోవచ్చు. అందుచేత కొత్త ఇంటర్నెట్ బిగించి, వారం రోజులు చక్కగా నడిచాకే నంబరు మార్పిడికి తేదీ ఇవ్వు. ఇలా చేస్తే మొత్తం మీద రెండు మూడు వారాలకు రెండు బిల్లులు కట్టవలసి వస్తుంది, దాన్ని వృథా అనుకోకు.

రాగి తీగ ఫోనుకు కరెంటు ఎక్స్ఛేంజి నుంచే వచ్చేది, ఇంట్లో కరెంటు పోయినా అది మోగేది. ఫైబర్ మీదో ఇంటర్నెట్ మీదో నడిచే ఫోను అలా కాదు, రౌటర్ ఆరితే ఫోనూ ఆరుతుంది. ఇంట్లో పెద్దవాళ్లు ఉండి అత్యవసరానికి ఆ ఫోను మీదే ఆధారపడుతుంటే, రౌటర్‌కు, ఫైబర్ పెట్టెకు రెండింటికీ బ్యాటరీ ఏర్పాటు అదనంగా చేయించాలి, ఆ ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి. దొంగల అలారం, ఫ్యాక్స్, అత్యవసర మీట వంటివి ఏవైనా పాత తీగకు తగిలించి ఉంటే, కొత్తదాని మీద పని చేస్తాయో లేదో వాటిని అమర్చినవాళ్లనే అడుగు.

టీవీ గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. రెండు వారాల పాటు ఇంట్లో నిజంగా ఎవరు ఏ ఛానలు చూశారో ఒక కాగితం మీద రాయించు, ఆ జాబితా నువ్వనుకున్నదాని కంటే చాలా చిన్నదిగా తేలుతుంది. పెట్టెలో రికార్డు చేసి దాచుకున్నవి మాత్రం ఆ పెట్టెతోనే పోతాయి, వేరే చోటికి ఎక్కించుకునే వీలు సాధారణంగా ఉండదు కాబట్టి తిరిగి ఇచ్చేలోగా చూసేయమను. పాత ప్యాకేజీతో ఉచితంగా వచ్చిన ఓటీటీ చందాలు కూడా దానితోనే ఆగిపోతాయి.

నేను నష్టపోయిన ఉదంతం కూడా చెబుతాను. పాత ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన ఈమెయిల్ చిరునామానే పదేళ్లుగా బ్యాంకుకు, బీమాకు, అన్నింటికీ ఇచ్చుకున్నాను. కనెక్షన్ తీయించిన కొన్ని రోజులకు ఆ చిరునామా కూడా మూతపడింది. ఆ తర్వాత బ్యాంకు పాస్‌వర్డ్ మార్చుకోవాలంటే, దానికి పంపే సంకేత సంఖ్య నేను తెరవలేని ఆ ఈమెయిల్‌కే పోతుంది. ఒక్కొక్క చోటా గుర్తింపు పత్రాలు చూపించి చిరునామా మార్పించుకునేసరికి రెండు నెలలు పట్టింది. అది చాలదన్నట్టు, తిరిగి ఇచ్చిన రౌటర్‌కు రసీదు తీసుకోలేదు. అందలేదని దాని ఖరీదు చివరి బిల్లులో వేశారు, కట్టక తప్పలేదు. నీకు అలాంటి ఈమెయిల్ ఉంటే, కనెక్షన్ తీయించడానికి కనీసం నెల ముందే ఏ కంపెనీకీ కట్టుబడని చిరునామా ఒకటి తెరిచి, ముందు బ్యాంకుతో మొదలుపెట్టి అన్ని చోట్లా మార్చు. పెట్టెలు, రిమోట్లు, అడాప్టర్లు తిరిగి ఇచ్చేటప్పుడు సీరియల్ నంబర్లు కనబడేలా ఫొటోలు తీసి, రసీదు చేతికి వచ్చాకే అక్కడి నుంచి కదులు.

ఇవన్నీ సిద్ధం చేసుకున్నాక, కొత్త కంపెనీకి సంతకం పెట్టే ముందు పాత కంపెనీకి ఒకసారి ఫోను చేసి, ఫలానా ధరకు వేరే చోట దొరుకుతోంది, వెళ్లిపోదామనుకుంటున్నాను అని మర్యాదగా చెప్పు. వెళ్లిపోయేవాళ్లను ఆపడానికి చాలా కంపెనీల్లో ఒక విభాగమే ఉంటుంది, మామూలు సిబ్బంది ఇవ్వలేని తగ్గింపు వాళ్లు ఇవ్వగలరు. నాకు డబ్బు మిగిలిన మూడుసార్లలో ఒకసారి ఇలా ఫోను చేశాకే మిగిలింది, ఇంటి గోడకు కొత్త రంధ్రం కూడా పడలేదు. అయితే ఫోనులో ఒప్పుకున్న ధర, అది ఎన్ని నెలలకు వర్తిస్తుంది, కొత్తగా ఒప్పందం మొదలవుతుందా అన్నవి ఈమెయిల్‌లో రాతపూర్వకంగా వచ్చేదాకా సరేననవద్దు.

మారడమే ఖాయమైతే, బ్యాంకు నుంచి ఆటోమేటిక్‌గా కట్టే ఏర్పాటును చివరి బిల్లు సర్దుబాటు అయ్యాకే ఆపు. ముందే ఆపితే బాకీ పడ్డట్టు నమోదు కావచ్చు, మరీ ఆలస్యం చేస్తే లేని కనెక్షన్‌కు డబ్బు పోతూనే ఉంటుంది. ముందస్తుగా కట్టిన రోజుల డబ్బు, డిపాజిట్ ఏమైనా ఉంటే అది, తిరిగి వచ్చాయో లేదో చూసుకో. కొత్త ప్లానులో తగ్గింపు ధర ముగిసే తేదీకి ఒక నెల ముందు ఫోనులో గుర్తుచేసే అలారం పెట్టుకో, ఆ నెలలోనే మళ్లీ బేరమాడాలి.

నీ బిల్లులు మూడు నెలలవి, కొత్త కంపెనీ ఇచ్చిన షరతుల కాగితం ఫొటోలు తీసి పంపు. ఏ పద్దులు తీయించవచ్చో గీత గీసి తిప్పి పంపుతాను. అంతవరకు ఎవరికీ సంతకం పెట్టవద్దు.

ఆశీస్సులతో,
మీ మామయ్య