మోల్ లెక్కలు తప్పుతున్నాయని ఫార్మసీ వదిలేయాలా?

ప్రశ్న: మా అమ్మాయికి ఫార్మసీ చదవాలని ఎప్పటినుంచో కోరిక. అందుకే కెమిస్ట్రీ ఉన్న గ్రూప్‌లో చేర్చాం. ఇప్పుడు మోల్ లెక్కల దగ్గర, అందులోనూ నీటి అణువులు కలిసి ఉన్న లవణాల లెక్కల దగ్గర ప్రతి టెస్టులోనూ మార్కులు పోతున్నాయి. ‘నాకు కెమిస్ట్రీ రాదు, గ్రూప్ మారిపోతా’ అని ఒకటే టెన్షన్ పడుతోంది. తన జవాబు పత్రం జత చేస్తున్నాను. ఇప్పుడే మార్పించడం మంచిదంటారా? – ఒక తండ్రి

జవాబు: మార్పించకండి. ఈ ఒక్క కారణంతో అయితే అసలే వద్దు.

మీరు పంపిన పత్రం మొదటి నుంచి చివరి దాకా చదివాను. గుణకారాలు, భాగహారాలు అన్నీ సరిగ్గా ఉన్నాయి. పది మీద ఘాతాలు చాలామంది తడబడే చోటు, అక్కడ కూడా ఒక్క పొరపాటు లేదు. మోల్‌ల సంఖ్య కావాలంటే బరువును అణుభారంతో భాగించాలని, కణాల సంఖ్య కావాలంటే దాన్ని అవగాడ్రో సంఖ్యతో (ఒక మోల్‌లో ఉండే కణాల సంఖ్య, 6.022 × 10²³) గుణించాలని ఆమెకు బాగా తెలుసు. మార్కులు పోయింది మూడు చోట్ల. ఒకచోట స్ఫటిక కాపర్ సల్ఫేట్‌కు నీరు లేని రూపం అణుభారం వేసింది. ఇంకోచోట ఆక్సిజన్ పరమాణువులు ఎన్ని అంటే సల్ఫేట్‌లో ఉన్న నాలుగే లెక్కపెట్టి, నీటిలోని ఐదింటిని వదిలేసింది. మూడోచోట అయాన్లు, అంటే ఆవేశం ఉన్న కణాలు, ఎన్ని అంటే నీటి అణువులను కూడా అయాన్లలో కలిపేసింది. పైకి మూడు తప్పులుగా కనిపిస్తున్నా మూలం ఒక్కటే. దేన్ని లెక్కపెట్టాలో తేల్చుకోకుండానే లెక్క మొదలుపెడుతోంది. ఇది కెమిస్ట్రీ రాకపోవడం కాదు. మార్చుకోదగిన అలవాటు, అంతే.

ఇక్కడి నుంచి మీ అమ్మాయినే చదవమనండి.

అమ్మా, నువ్వు తప్పు చేసిన ఆ మైలుతుత్తాన్నే, అంటే స్ఫటిక కాపర్ సల్ఫేట్‌నే, మళ్లీ తీసుకుందాం. దాని ఫార్ములాలో ఒక కాపర్, ఒక సల్ఫర్, నాలుగు ఆక్సిజన్‌లు, తర్వాత ఒక చుక్క, ఆ చుక్క పక్కన ఐదు నీటి అణువులు ఉంటాయి. ఆ చుక్క గుణకారం గుర్తు కాదు. ‘వీటితో పాటు ఇవి కూడా’ అని చెప్పే గుర్తు. అందుకని అణుభారం కట్టేటప్పుడు కూడాలి. కాపర్ సల్ఫేట్ వాటా 159.5, ఐదు నీటి అణువుల వాటా 90, మొత్తం 249.5. సీసాలోంచి నీలం స్ఫటికాలు తీసి తూచావంటే, ఆ బరువులో నీరు కూడా ఉంది. కాబట్టి భాగించాల్సింది ఎప్పుడూ 249.5తోనే. ప్రశ్నలో ‘అనార్ద్ర’ (నీరు లేని) అని కనిపిస్తేనే 159.5.

ఇప్పుడు 4.99 గ్రాముల స్ఫటికాలు ఇచ్చారనుకో. 4.99ని 249.5తో భాగిస్తే 0.02 మోల్. ఇక్కడ ఆగు. ఈ 0.02 దేని సంఖ్య? ఫార్ములా యూనిట్లది, అంటే ఫార్ములాలో రాసిన మొత్తం గుంపు ఒక యూనిట్. ఆక్సిజన్‌ది కాదు, నీటిది కాదు. జనాభా లెక్కల్లో ఇళ్లు ఎన్ని అన్నదానికి ఒక గడి, మనుషులు ఎంతమంది అన్నదానికి ఇంకో గడి ఉన్నట్టే ఇది కూడా. ఇప్పటిదాకా నువ్వు నింపింది ఇళ్ల గడి మాత్రమే.

ఆ తర్వాత అడిగిన దాన్నిబట్టి ఒక్కో యూనిట్‌లో ఎన్ని ఉన్నాయో వేలు పెట్టి లెక్కపెట్టు. నీటి అణువులు అడిగితే ఐదు. అంటే 0.1 మోల్, 6.022 × 10²² అణువులు. ఆక్సిజన్ పరమాణువులు అడిగితే సల్ఫేట్‌లో నాలుగు, నీటిలో ఐదు, మొత్తం తొమ్మిది. 0.18 మోల్, అంటే 1.084 × 10²³. హైడ్రోజన్ అయితే పది. అయాన్లు అడిగితే ఒక కాపర్, ఒక సల్ఫేట్, అంతే రెండు. నీటి అణువుకు ఆవేశం లేదు కాబట్టి అది అయాన్ల లెక్కలోకి రాదు. అన్ని పరమాణువులూ కలిపి ఎన్ని అంటే ఇరవై ఒకటి: కాపర్, సల్ఫర్, నాలుగు ఆక్సిజన్‌లు కలిపి ఆరు, నీటిలో పదిహేను. ఒకే 0.02 నుంచి ఇన్ని జవాబులు వస్తున్నాయి చూడు. అందుకే ప్రశ్నలో అడిగిన కణం పేరు కింద గీత గీసి, ‘ఒక యూనిట్‌లో ఇన్ని’ అని పక్కన అంకె రాశాకే కాలిక్యులేటర్ ముట్టుకో. పరీక్షలో టైమ్ సరిపోదేమోనని భయపడొద్దు. ఆ ఒక్క అంకె రాయడానికి ఎంతోసేపు పట్టదు.

ఆ ఐదు నీటి అణువులు స్ఫటికంలో ఊరికే తడిగా అంటుకుని ఉండవు. నాలుగు కాపర్ చుట్టూ చేరి ఉంటాయి. ఐదోది హైడ్రోజన్ బంధాలతో సల్ఫేట్‌ను పట్టుకుని ఉంటుంది. అందుకే వేడి చేస్తే నీరంతా ఒక్కసారిగా పోదు, విడతలవారీగా పోతుంది. చివరి అణువు 200 డిగ్రీలు దాటితే గానీ కదలదు. ఇది తెలిశాక ‘ఐదు’ అన్న అంకె బట్టీ పట్టాల్సిన అంకెలా అనిపించదు.

ఇక తిరగేసి అడిగే లెక్క: వేడి చేశాక తగ్గిన బరువు ఇచ్చి నీటి అణువులు ఎన్నో కనుక్కోమంటారు. 2.86 గ్రాముల వాషింగ్ సోడా స్ఫటికాలు వేడి చేస్తే 1.06 గ్రాములు మిగిలాయి. పోయిన 1.80 గ్రాములు నీరు, అంటే 0.1 మోల్. మిగిలింది సోడియం కార్బనేట్, అణుభారం 106, కాబట్టి 0.01 మోల్. ఒకదానికి పది. పుస్తకంలో ఇలా చక్కగా వస్తుంది. ల్యాబ్‌లో మైలుతుత్తంతో చేసినప్పుడు ఐదుకు బదులు 4.6 వస్తే కంగారు పడకు, కారణం వెతుకు. వేడి సరిపోక కొంత నీరు మిగిలి ఉండొచ్చు. చల్లారేటప్పుడు ఆ తెల్లటి పొడి గాలిలోంచి తేమ పీల్చుకుని ఉండొచ్చు. అందుకే డెసికేటర్‌లో (లోపల తేమ లేకుండా ఉంచే మూత పాత్ర) చల్లార్చమంటారు, బరువు మారకుండా నిలిచేదాకా మళ్లీ మళ్లీ వేడి చేసి తూచమంటారు. అదే 5.4 వచ్చి పొడి నల్లబడిందంటే వేడి మరీ ఎక్కువై కాపర్ సల్ఫేటే విచ్ఛిన్నమైందని అర్థం. అలాగని ప్రతిదాన్నీ పూర్ణ సంఖ్యకు లాగేయకు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో ఒక కాల్షియం సల్ఫేట్‌కు అర నీటి అణువే ఉంటుంది.

ఇప్పుడు మళ్లీ మీకు, ఫార్మసీ గురించి. ఈ చాప్టర్ పరీక్షతో అయిపోయేది కాదు, ఆమె వెళ్లాలనుకుంటున్న రంగంలో రోజూ చేసే పని. అమోక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ క్యాప్సూల్స్‌లో సాధారణంగా వాడేది ట్రైహైడ్రేట్ రూపం, అంటే ఒక్కో మందు అణువుతో మూడు నీటి అణువులు. లేబుల్ మీద 500 మిల్లీగ్రాములు అని ఉంటే అది నీరు తీసేసి చెప్పే మందు బరువు. నీటితో కలిపి అణుభారం 419.45, నీరు లేకుండా 365.4. కాబట్టి 500 మిల్లీగ్రాముల మందు అందాలంటే దాదాపు 574 మిల్లీగ్రాముల ట్రైహైడ్రేట్ తూచాలి. మీ అమ్మాయి మొదటి లెక్కలో చేసిన పొరపాటు ఇక్కడ జరిగితే మందు మోతాదు తగ్గిపోతుంది. ఇంకో సంగతి, ఒకే మందుకు నీరున్న రూపం, నీరు లేని రూపం కరిగే తీరులో కూడా తేడా ఉండొచ్చు. అందుకే మందుల తయారీలో నీటిని కొలవడం ఒక ప్రత్యేకమైన పని. 1935లో జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ ఫిషర్ నీటిని కొలవడానికి ప్రచురించిన టైట్రేషన్ పద్ధతిని (తెలిసిన గాఢత ఉన్న ద్రావణం ఎంత ఖర్చయిందో చూసి కొలిచే పద్ధతి) క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లలో ఇప్పటికీ వాడుతున్నారు.

ఫార్మసీ కాకుండా ఇంకేదైనా అనుకున్నా ఇది వెంట వస్తుంది. నీటి పరీక్షలు, భూసార పరీక్షలు, బయాలజీ ల్యాబ్‌లు, ఎక్కడికెళ్లినా ద్రావణాలు కలపాలి. లీటరు 0.1 మోలార్ (లీటరుకు 0.1 మోల్) కాపర్ సల్ఫేట్ ద్రావణానికి స్ఫటికాలు 24.95 గ్రాములు కావాలి. సీసా మీద ఏ రూపమో చూడకుండా 15.95 గ్రాములు వేస్తే గాఢత 0.064కి పడిపోతుంది, దాని మీద చేసిన పరీక్షలన్నీ తప్పుతాయి. మెగ్నీషియం క్లోరైడ్‌లో తేడా ఇంకా పెద్దది: నీరు లేకుండా 95, ఆరు నీటి అణువులతో 203. ఉద్యోగంలో చేరిన కొత్తవాళ్లకు సీసా లేబుల్ పూర్తిగా చదవడం నేర్పేది ఇందుకే.

ఇక ఇంట్లో ఏం చేయాలంటే, కొన్నాళ్లు కొత్త లెక్కలు వద్దు. తప్పు పోయిన పాత లెక్కలనే తీసి, జవాబు కట్టకుండా, ఏ అణుభారం వాడాలి, ఒక యూనిట్‌లో అడిగిన కణాలు ఎన్ని అన్న రెండు అంకెలు మాత్రం రాయమనండి. అవి తడుముకోకుండా వస్తున్నాయనుకున్నాక పూర్తి లెక్కలకు వెళ్లాలి. మైలుతుత్తం, వాషింగ్ సోడా, జిప్సం, మోర్ లవణం, ఆక్సాలిక్ ఆమ్లం స్ఫటికాలు, ఈ ఐదింటితో సాధన చేస్తే తరచూ అడిగేవి చాలావరకు వచ్చేస్తాయి. ఆ సమయంలో ఆమె ముందు గ్రూప్ మార్పు మాట ఎత్తకండి.

వచ్చే రెండు మూడు టెస్టుల తర్వాత కూడా ఇవే తప్పులు కనిపిస్తే ఆ పత్రాలు నాకు పంపండి. ఒకవేళ లెక్కలు సరిగ్గా వస్తున్నా కెమిస్ట్రీ చదవడమే తనకు ఇష్టం లేదని చెబితే మాత్రం అది వేరే విషయం. అప్పుడు మార్కుల గురించి కాకుండా, ఆమెకు ఏది ఇష్టమో దాని గురించి మాట్లాడదాం. ఆ ఉత్తరం ఆమెనే రాయమనండి.