చదువు – సందేహం: పదిహేడేళ్లకే అమెరికాలో డాక్టరు సీటు

ప్రశ్న: అయ్యా, నేను తిరుపతి కొర్లగుంటలో ఉంటున్న విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి. మా అమ్మాయి, అల్లుడు న్యూజెర్సీలో స్థిరపడ్డారు. అక్కడే పుట్టిన మా మనవరాలు ఇప్పుడు 11వ తరగతిలో ఉంది. డిగ్రీ, ఎం.డి. రెండూ కలిపి స్కూలు నుంచే సీటు ఇచ్చే కోర్సులకు ఆ పిల్లను సిద్ధం చేస్తున్నామని అల్లుడుగారు చెబుతున్నారు. ఇంటర్ వయసులో ఏకంగా ఎం.డి. ఏమిటో మాకు బోధపడటం లేదు. ఇంకొక సంగతి. గత రెండు వేసవుల్లోనూ పిల్ల 8 వారాల చొప్పున మా దగ్గర ఉండి, వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు వెళ్లే వాళ్ల అవ్వకు తోడుగా ఆసుపత్రిలో నాలుగేసి గంటలు కూర్చుంది. వెళ్లేటప్పుడు అవ్వ బరువెంత, వచ్చేటప్పుడు ఎంత అని ఒక నోటుబుక్కులో రాసేది. అది ఇప్పటికీ మా ఫ్రిజ్ మీదే ఉంది. ఆ పిల్ల ఆసుపత్రిలో 200 గంటలు పనిచేసిందని ఇక్కడి పెద్ద డాక్టరు ఒకరి చేత సర్టిఫికెట్ రాయించి పంపమని అల్లుడుగారి కోరిక. డాక్టరుగారికి అభ్యంతరం లేదు, నాకే మనసొప్పడం లేదు. ఏం చేయమంటారు?
– పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకుడు, తిరుపతి

సమాధానం: మీ మొదటి చిక్కు పేరుతో వచ్చింది. మన దగ్గర ఎం.డి. అంటే ఎం.బి.బి.ఎస్. అయ్యాక చదివే పీజీ కాగా, అమెరికాలో అది వైద్యవిద్యలో మొదటి పట్టా, అంటే మన ఎం.బి.బి.ఎస్. స్థానంలో ఉండేది. అయితే అక్కడ ప్లస్ టూ తర్వాత నేరుగా వైద్యకళాశాలలో చేరే పద్ధతి మామూలుగా లేదు. ముందు 4 ఏళ్ల డిగ్రీ చదివి, ఎంక్యాట్ అనే ప్రవేశపరీక్ష రాసి, మళ్లీ వైద్యకళాశాలలకు వేరుగా దరఖాస్తు చేసి, సీటు వస్తే మరో 4 ఏళ్లు చదవాలి. ఆపైన ఎంచుకున్న విభాగాన్ని బట్టి కనీసం 3 ఏళ్ల రెసిడెన్సీ, అంటే ఆసుపత్రిలో పనిచేస్తూ పొందే శిక్షణ, ఉంటుంది. మీ అల్లుడుగారు చెబుతున్న కోర్సులు ఈ రెండు మెట్లనూ కలిపి, డిగ్రీలో చేరేనాడే వైద్యకళాశాలలో చోటు ఖాయం చేస్తాయి. బ్రౌన్ విశ్వవిద్యాలయంలో ఇది 8 ఏళ్లు, ఎంక్యాట్ అవసరం లేదు. కాన్సాస్ సిటీలోని మిస్సోరీ విశ్వవిద్యాలయంలో 6 ఏళ్లే. మీవాళ్లుండే న్యూజెర్సీలో కాలేజ్ ఆఫ్ న్యూజెర్సీ నుంచి న్యూజెర్సీ మెడికల్ స్కూలుకు వెళ్లే 7 ఏళ్ల దారి చాలాకాలంగా నడుస్తోంది.

'ఖాయం' అన్న మాటను కొంచెం తగ్గించి చదువుకోవాలి. డిగ్రీలో నిర్ణయించిన మార్కుల సగటు తగ్గితే ఆ చోటు పోతుంది. కొన్నిచోట్ల ఎంక్యాట్‌లో కూడా కనీస స్కోరు తెచ్చుకోవాలి. సీట్లు చాలాచోట్ల పదుల్లోనే, దరఖాస్తులు మాత్రం వాటికి ఎన్నో రెట్లు. పైగా ఇవి శాశ్వతంగా ఉంటాయన్న భరోసా కూడా లేదు. ఎంతో పేరున్న నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం తన 7 ఏళ్ల కోర్సులో ప్రవేశాలు ఆపేసినా, స్నేహితుల మధ్య చేతులు మారే పాత జాబితాల్లో అది ఇంకా కనిపిస్తూనే ఉంటుంది. అల్లుడుగారి దగ్గరున్న జాబితాలోని ప్రతి పేరునూ ఆయా విశ్వవిద్యాలయాల సొంత వెబ్‌సైటులో సరిచూసుకోమనండి.

గడువుల విషయం క్లుప్తంగా చెబుతాను. ఎక్కువ కళాశాలలు వాడే కామన్ యాప్ అనే ఉమ్మడి దరఖాస్తు ఆగస్టు 1న తెరుచుకుంటుంది. మామూలు డిగ్రీ సీట్ల గడువు జనవరి దాకా ఉన్నా, ఈ కోర్సులలో చాలావాటికి నవంబరు, డిసెంబరుల్లోనే ముగిసిపోతుంది. పిలుపు వచ్చినవారికి చలికాలంలో ఇంటర్వ్యూలు జరిగి, ఏప్రిల్ మొదటికల్లా ఫలితాలు తెలుస్తాయి.

ఇక సర్టిఫికెట్. ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలలో ఆ మాట వెంట 'రాయించడం' అన్న క్రియే తప్ప 'రాయడం' అన్నది నాకు ఎప్పుడూ కనబడలేదు. మీకు మనసొప్పకపోవడం సబబే. ముందు లెక్క చూడండి. వారానికి రెండు రోజులు, రోజుకు 4 గంటలు, 8 వారాలు, రెండు వేసవులు కలిపితే మొత్తం 128 గంటలు. మిగతా 72 గంటలు ఎక్కడివని పిల్లను ఎవరైనా అడిగితే ఆమె ఏం చెప్పాలి? ఆ 128 కూడా అవ్వకు తోడుగా కూర్చున్న గంటలే గాని, ఆసుపత్రిలో పనిచేసినవి కావు. రాసినదంతా నిజమేనని దరఖాస్తు చివర ఆమె తానే ధ్రువీకరించి సంతకం చేయాలి. అబద్ధమని తేలితే ఇచ్చిన సీటును కూడా వెనక్కి తీసుకుంటారు.

అసలు తమాషా ఏమిటంటే, ఆ దరఖాస్తులో కార్యకలాపాల భాగంలో సర్టిఫికెట్ జతచేసే చోటే లేదు. పది కార్యకలాపాల వరకు రాయవచ్చు, ఒక్కోదాని వివరణకు ఖాళీలతో కలిపి 150 అక్షరాలు. మీ ఉత్తరంలోని కొన్ని వాక్యాలు కూడా అందులో పట్టవు. సిఫారసు లేఖలు కావలసింది ఆమెకు పాఠాలు చెప్పిన టీచర్ల నుంచి, స్కూలు కౌన్సెలర్ నుంచి; ఎంత పెద్దవారైనా ఆమెను ఎరగని డాక్టరు రాసే పొగడ్తకు అక్కడ విలువ చాలా తక్కువ. అంతకంటే ముఖ్యమైన జాగ్రత్త ఇంకొకటి ఉంది. డాక్టరుగారు ఉదారంగా 'రోగులకు బి.పి. చూసింది, సూదులు వేసింది' అని రాశారంటే మేలు చేయబోయి కీడు చేసినట్లే. శిక్షణ లేని విద్యార్థులు విదేశాలకు వెళ్లి రోగులకు తామే చికిత్స చేయడాన్ని అమెరికా వైద్యకళాశాలల సంఘం స్పష్టంగా తప్పుపడుతోంది. మనకు గొప్పగా కనిపించే ఆ వాక్యం చదివేవారికి దోషంగా తోస్తుంది.

అలాగని ఆ రెండు వేసవులూ వృథా అని నా ఉద్దేశం కాదు. మీరు ఫ్రిజ్ మీద ఉంచిన నోటుబుక్కు నాకు ఆ సర్టిఫికెట్ కంటే ఎన్నో రెట్లు విలువైనదిగా అనిపిస్తోంది. కిడ్నీలు పనిచేయనివారిలో ఒక డయాలసిస్‌కూ మరొక డయాలసిస్‌కూ మధ్య పెరిగే బరువులో దాదాపు అంతా ఒంట్లో నిలిచిపోయిన నీరే. లీటరు నీరంటే కిలో బరువు. ఆ లెక్కన మీ మనవరాలు రాసిన అంకెలు వాళ్ల అవ్వ ఆ మూడు నాలుగు రోజుల్లో ఎంత దాహం ఓర్చుకుందో, ఎక్కడ ఓర్చుకోలేకపోయిందో చెప్పే చిట్టా. ఆగస్టులో వరలక్ష్మీ వ్రతం వచ్చిన వారంలో ఏ అంకె ఉందో ఒకసారి తీసి చూడండి. ఇంటినిండా పాయసం, మజ్జిగ ఉన్న రోజున అవ్వ చేతిలోని గ్లాసును చూసి పిల్ల ఏం చేసింది? లాక్కుందా, చూడనట్లు ఊరుకుందా, అరగ్లాసుకు బేరం కుదిర్చిందా?

ఇంటర్వ్యూలో ఆమెను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: డిగ్రీ అయ్యాక నిదానంగా నిర్ణయించుకోవచ్చు కదా, పదిహేడేళ్లకే వైద్యం అని ఎలా తేల్చుకున్నావు? దీనికి 'చిన్ననాటి నుంచీ నా కల' అన్న జవాబును వాళ్లు వేలసార్లు విని ఉంటారు. ఆ మజ్జిగ గ్లాసు దగ్గర తనకేం తోచిందో, డయాలసిస్ నర్సులను చూసి ఏం గ్రహించిందో, వైద్యంలో తనకు నచ్చనిదేమిటో కూడా ఆ పిల్ల తన మాటల్లో చెప్పగలిగితే వినేవారు నిటారుగా కూర్చుంటారు. కామన్ యాప్‌లో ప్రధాన వ్యాసానికి 650 పదాలు ఇస్తారు, ఈ కోర్సులకు విడిగా మరికొన్ని వ్యాసాలు కూడా ఉంటాయి. ఈ సంగతి రాయదలిస్తే ముందు వాళ్ల అవ్వను అడిగి రాయాలి, ఎందుకంటే జబ్బు ఆవిడది. కార్యకలాపాల్లో కూడా దాన్ని 'కుటుంబ బాధ్యత' కింద, 128 గంటలుగానే చూపించవచ్చు. ఆ దరఖాస్తులో అలాంటి వర్గం కూడా ఉంది.

డాక్టరుగారికి ధన్యవాదాలు చెప్పి ఊరుకోండి. ఆ నోటుబుక్కులోని పేజీలను మాత్రం ఫోనుతో ఫొటోలు తీసి మనవరాలికే పంపండి, అల్లుడుగారికి కాదు.

ప్రశ్న: మా అమ్మాయి చిత్తూరులో ఇంటర్ బైపీసీ మొదటి సంవత్సరం చదువుతోంది. పైన చెప్పిన రకం అమెరికా కోర్సులో ఇక్కడి నుంచే సీటు ఇప్పిస్తామని, నీట్ అవసరం లేదని ఒక కన్సల్టెన్సీ వాళ్లు అడ్వాన్సు అడుగుతున్నారు. కట్టమంటారా?
– ఒక తల్లి, చిత్తూరు

సమాధానం: కట్టవద్దు. ఈ కోర్సులలో ఎక్కువ శాతం అమెరికా పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నవారికి మాత్రమే పరిమితం. విదేశీ విద్యార్థులను చేర్చుకునేవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. చేర్చుకున్నా, వైద్యకళాశాల ఫీజును కొన్ని సంవత్సరాలకు సరిపడా ముందే బ్యాంకులో జమచేసి చూపమనే చోట్లున్నాయి. నీట్ అవసరం లేదన్న మాట కూడా సగం నిజమే: అమెరికా కళాశాల అడగకపోవచ్చు గాని, విదేశంలో వైద్యం చదివి మన దేశంలో ప్రాక్టీసు చేయాలనుకునే భారతీయులకు 2018 నుంచి నీట్ అర్హత తప్పనిసరి. ఎలాగూ రాయవలసిన పరీక్షే కాబట్టి ఆ 720 మార్కుల మీదే దృష్టి పెట్టనివ్వండి. అందులో సగం, అంటే 360, బైపీసీ పిల్లలు ఇష్టంగా చదివే జీవశాస్త్రానివే. తిరుపతిలో 1960 నుంచి ఉన్న శ్రీ వెంకటేశ్వర వైద్యకళాశాల, స్విమ్స్ కింద 2014లో అమ్మాయిల కోసమే మొదలైన పద్మావతి వైద్యకళాశాల, మీ ఊళ్లోని అపోలో, కుప్పంలోని పీఈఎస్, ఇవన్నీ ఆ ఒక్క ర్యాంకుతోనే. కన్సల్టెన్సీ వాళ్లు మళ్లీ ఫోను చేస్తే, ఏ విశ్వవిద్యాలయమో పేరు రాతపూర్వకంగా ఇమ్మనండి. ఆ పేరు ఇస్తే, దాని వెబ్‌సైటులో అర్హతల పేజీ తెరిచి, పౌరసత్వం గురించి ఏం రాసి ఉందో మీ అమ్మాయి చేతనే చదివించి చూడండి.