గడ్డి మిషన్ మాటిమాటికీ ఆగిపోతోందన్నావు

చిరంజీవి అల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. దిండిలో మీ గెస్ట్‌హౌస్‌లో సీటు మీద కూర్చుని నడిపే గడ్డి కోత మిషన్ ఇరవై నిమిషాలు తిరిగి ఆగిపోతోందని, పెట్రోల్లో గాలి కలిపి ఇంజన్‌కు పంపే కార్బురేటర్ మార్చేద్దామని మెకానిక్ అంటున్నాడని ఫోన్‌లో చెప్పావు. గాలి హోరులో సగం వినబడలేదు, అందుకే రాస్తున్నాను. ముందు ఆ కార్బురేటర్ కొనకు.

ఇంజన్ ఎలా ఆగిందో చెవితో పట్టుకోవాలి. ఆయాసపడి, ఎగిరెగిరి పడి ఆగితే పెట్రోలు అందడం లేదు. స్విచ్ కట్టేసినట్టు టక్కున ఆగితే కరెంటు వైపు తేడా ఉంది.

పది నిమిషాలు వదిలేస్తే మళ్లీ స్టార్టవుతోందన్నావుగా, నా అనుమానం ట్యాంకు మూత మీద. చాలా మిషన్లకు ఆ మూతలోనే సన్న కన్నం ఉంటుంది. పెట్రోలు దిగేకొద్దీ అందులోంచి గాలి లోపలికి పోవాలి. అది పూడితే ట్యాంకు నిండా ఉన్నా కిందికి దిగదు. బొండానికి చిన్న కన్నం పెట్టి వంచితే నీళ్లు పడనని మొరాయిస్తాయి చూడు, అదే ఇదీను.

రాజోలు వైపు నాట్ల రోజుల్లో ఒక రైతు పెట్రోలు ఇంజన్ నన్ను ఇలాగే ఏడిపించింది. కార్బురేటర్ మూడుసార్లు విప్పాను, అందులో పెట్రోలు పోయే సన్న కన్నం బిళ్ల, జెట్ అంటారు, అదీ కొత్తది వేశాను. పెట్రోలు ఎంతుందో చూద్దామని మూత తిప్పితే సుయ్‌మంది. ఏ పురుగు పెట్టిందో, కన్నం నిండా మట్టి. చీపురుపుల్లతో పని అయిపోయింది. ఆ రైతు ఇప్పటికీ ఎదురుపడితే "పుల్ల తెచ్చారాండీ?" అంటాడు.

కాబట్టి ఈసారి ఆగగానే మూత వదులు చెయ్యి. సుయ్‌మని, వెంటనే స్టార్టయితే రోగం దొరికినట్టే.

దొరక్కపోతే, చల్లారకముందే ఇంజన్‌లో నిప్పురవ్వ వేసే ప్లగ్గు చూడాలి. మూత బిగించు, ఒలికిన పెట్రోలు తుడిచెయ్యి. ఒకడిని సీట్లో కూర్చోబెట్టి తాళం తిప్పమను. ప్లగ్గు విప్పి, దాని ఇనుము ఇంజన్‌కు ఆనించి, రబ్బరు టోపీ దగ్గర పట్టుకో. ప్లగ్గు విప్పిన కన్నానికి దూరంగా ఉంచు. నిప్పురవ్వ లేకపోతే ప్లగ్గుకు కరెంటు పంపే కాయిల్ మీద అనుమానపడాలి. వేడెక్కితే చచ్చి, చల్లారితే బతికే కాయిళ్లు చాలా చూశాను.

నిప్పురవ్వ బాగుంటే కార్బురేటర్ కింది గిన్నెలోని పెట్రోలు గాజుగ్లాసులో పట్టు. అడుగున వేరే పొర కనబడితే నీళ్లు చేరాయి. ఇప్పుడు బంకులో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ తేమను లాగుతుంది, మరీ ఎక్కువైతే నీళ్లతో కలిసి అడుక్కి దిగుతుంది. ఏటిగట్టు గాలిలో రెండు నెలలు డబ్బాలో నిలవుంచితే ఇంకేముంటుంది? వారం, పది రోజులకు సరిపడానే తెచ్చుకో. మీ మిషన్‌కు ఎంత శాతం వరకు పనికొస్తుందో దాంతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది, అదీ చూడు.

కొబ్బరిచెట్ల మధ్య గతుకుల్లోనే ఆగుతోందా? అయితే సీటు కింద స్విచ్ చూడు. మనిషి లేచిపోయాడనుకుని ఇంజన్ ఆపేస్తుంది. ఉప్పుగాలికి పిన్నులు తుప్పు పట్టి ఉంటాయి, గీకి శుభ్రం చెయ్యి. ఎవడైనా "రెండు వైర్లు కలిపేద్దాం" అంటే ఒప్పుకోకు. పడిపోయినవాడి పక్కన బ్లేడు తిరుగుతూనే ఉంటుంది.

ఇంకో మాట. ఇంజన్ మీది రేకు తీసి, రెక్కల సందుల్లో ఎండుగడ్డి, పీచు ఉంటే ఊడ్చెయ్యి. గాలితో చల్లారే ఇంజన్ అది. తడిగడ్డిని ఒకేసారి నేలకంటా కొయ్యకు, రెండు విడతలుగా కొయ్యి.

ఆదివారం వస్తావుగా, పాత ప్లగ్గు తుడవకుండా కాగితంలో చుట్టి తీసుకురా. మసి పట్టిందో, తెల్లబడిందో చూస్తే మిగతాది నేను చెబుతాను.

మీ మావయ్య