ఎక్కడో ఆగిన ఈఎంఐకీ, మన రొయ్యల షెడ్డుకీ ఏం సంబంధం?

ప్రశ్న: మేనేజరు గారికి నమస్కారం. 2008లో మా నాన్న ఇక్కడే విశాఖలో ఒక రొయ్యల ప్రాసెసింగ్ షెడ్డులో సూపర్‌వైజరు. ఆ దసరా తర్వాత షిఫ్టులు తగ్గించారు, సంక్రాంతికి పూర్తిగా మానేయమన్నారు. ఎందుకని అడిగితే, "అమెరికాలో ఇళ్ల లోన్లు మునిగాయి" అన్నారట. అది ఓనరు చెప్పిన సాకేనని నాన్న ఇప్పటికీ అంటారు. మావారూ నేనూ ఈమధ్యే మధురవాడలో ఫ్లాటుకి ఇరవై ఏళ్ల లోను తీసుకున్నాం. ఎవరో అమెరికాలో వాయిదా కట్టకపోతే మా ఇంట్లో జీతం ఎలా ఆగింది? మా లోనుకీ అలాంటి గండం ఉందా?
– ఒక పాఠకురాలు, కంచరపాలెం

జవాబు: సాకు కాదమ్మా. ఆ ఏడాది నేను వన్‌టౌన్‌లో ఒక బ్యాంకు బ్రాంచిలో ఫారిన్ ఎక్స్‌చేంజి సీట్లో ఉన్నాను. కళ్లారా చూశాను.

తెల్లవారుజామున ఫిషింగ్ హార్బరుకి ఎప్పుడైనా వెళ్లారా? వంద గంపల్లో ఐదు గంపల సరుకు పాడైందని వేలంలో ఎవరో అన్నారనుకోండి. ఆ ఐదూ ఏవో తెలిస్తే పక్కన పడేసి మిగతావి పాడుకుంటారు. తెలియకపోతే ఒక్కరూ నోరు విప్పరు. తొంభై ఐదు మంచి గంపలూ ఎండకి ఎండాల్సిందే.

అమెరికాలో 2003లో ఫెడ్ (మన రిజర్వు బ్యాంకు లాంటి అక్కడి కేంద్ర బ్యాంకు) వడ్డీ 1 శాతానికి దిగింది. చౌకగా డబ్బు దొరకడంతో ఎవరికి పడితే వాళ్లకి లోన్లిచ్చారు. మొదటి రెండేళ్లు తక్కువ వడ్డీ, మూడో ఏడు నుంచి పెరిగిన వడ్డీ. ఆదాయం, ఉద్యోగం, ఆస్తి, మూడూ లేనివాళ్లకిచ్చిన వాటికి నింజా లోన్లని ముద్దుపేరు కూడా పెట్టుకున్నారు. (మేమేమో జీతం స్లిప్పు మీద ఆఫీసు స్టాంపు సగమే పడిందని మనిషిని వెనక్కి పంపేవాళ్లం!) ఇంటి ధర ఎలాగూ పెరుగుతుంది, కట్టలేకపోతే అమ్ముకుని బయటపడతాడని వాళ్ల ధీమా. 2006 జూన్‌కల్లా ఫెడ్ రేటు 5.25 అయింది. ఇళ్ల ధరలు ఆగి, కిందికి దిగాయి. వాయిదాలు తప్పడం మొదలైంది.

ఇంతవరకే అయితే అది అక్కడి బ్యాంకుల తలనొప్పి. కానీ లోను ఇచ్చినవాడు దాన్ని తన దగ్గర ఉంచుకోలేదు. కొన్నాళ్లకే అమ్మేశాడు. కొన్న వాల్‌స్ట్రీట్ సంస్థ వేల లోన్లు ఒక కుప్ప పోసి, ఆ కుప్పని వరసలుగా విడగొట్టింది. వసూలైన డబ్బు ముందు పై వరసకి, నష్టం ముందు కింది వరసకి. పై వరసకి రేటింగ్ సంస్థలు ట్రిపుల్ ఏ, అంటే అన్నిటికంటే భద్రమన్న ముద్ర కొట్టాయి. మిగిలిన కింది వరసల్ని మళ్లీ కుప్ప పోశారు. దాని పై వరసకీ ట్రిపుల్ ఏ! ఆ వరసల్ని కాగితాలుగా అమ్మితే, అవి యూరప్ బ్యాంకుల బీరువాల్లోకీ చేరాయి. మునిగితే మేం కడతామని ఏఐజీ లాంటి బీమా సంస్థలు హామీలు అమ్మాయి.

2007 ఆగస్టు 9న ఫ్రాన్సుకి చెందిన బీఎన్‌పీ పారిబా బ్యాంకు తన మూడు ఫండ్లలోంచి మదుపరులు డబ్బు వెనక్కి తీసుకోకుండా ఆపేసింది. వాటిలోని కాగితాలకి ధర కట్టలేకపోతున్నామంది. ఏ గంప పాడైందో తెలియదని చెప్పిన రోజు అది. ఏడాది తర్వాత, 2008 సెప్టెంబరు 15న అమెరికాలోని పెద్ద పెట్టుబడి బ్యాంకు లేమన్ బ్రదర్స్ దివాలా తీసింది. సరిగ్గా పది రోజుల ముందే మన దువ్వూరి సుబ్బారావు గారు రిజర్వు బ్యాంకు గవర్నరుగా కుర్చీలో కూర్చున్నారు. ఆ తర్వాత బ్యాంకులు ఒకదానికొకటి ఒక్క రాత్రికి అప్పివ్వడానికి కూడా జంకాయి.

ఇక మన ఊరికి వద్దాం. రొయ్య తరచూ ఓడెక్కేది ఎల్‌సీ మీద. అంటే, పత్రాలు సరిగ్గా ఉంటే డబ్బు నేనిస్తానని కొనేవాడి బ్యాంకు రాసిచ్చే హామీ. ఆ అక్టోబరులో ఒక ఎక్స్‌పోర్టరు ఎప్పట్లాగే బిల్లు డిస్కౌంటుకి, అంటే కొనేవాడి బ్యాంకు కట్టేలోపే ఆ డబ్బు మా దగ్గర తీసుకోవడానికి వచ్చారు. మామూలుగా సాయంత్రానికి అయిపోయే పని. ఆ రోజు హెడ్డాఫీసు మాత్రం, ఆ విదేశీ బ్యాంకు ఒక్కదాని మాట చాలదు, ఇంకో పెద్ద బ్యాంకు పూచీ కూడా కావాలంది. "నిన్నటిదాకా మంచి బ్యాంకే కదండీ" అన్నారాయన. ఇవాళా మంచిదేనేమో, చెప్పగలిగే వాళ్లు లేరు. మూడు టీలు తాగి, ఏడింటిదాకా నా ఎదురుగా కూర్చుని, ఫైలు చంకన పెట్టుకుని వెళ్లిపోయారు. డబ్బు రాకపోతే కోల్డ్ స్టోరేజీ ఖాళీ కాదు. అది ఖాళీ కాకపోతే కొత్త సరుకు కొనరు. కొనకపోతే షెడ్డులో తల తీసే పని ఉండదు. పైగా అక్కడ జేబు బిగిస్తే ముందు మానేది హోటల్లో రొయ్యల ప్లేటే. ఆ సాయంత్రం వచ్చింది మీ నాన్నగారి ఓనరే కాకపోవచ్చు, కానీ ఆయన కథా ఇలాంటిదే అయ్యుంటుంది.

ఇనుప ఖనిజం లాంటి సరుకు మోసే ఓడల అద్దెలకి బాల్టిక్ డ్రై ఇండెక్స్ అని ఒక సూచీ ఉంది. 2008 మేలో 11,793. డిసెంబరులో 663! పోర్టు ఊళ్లో ఉన్నవాళ్లకి ఇంతకంటే చెప్పక్కర్లేదు.

మన బ్యాంకులు మునగలేదు. మన దగ్గర లోనిచ్చిన బ్యాంకే సాధారణంగా చివరిదాకా ఆ ఫైలు మోస్తుంది. వై.వి. రెడ్డి గారు రిజర్వు బ్యాంకు గవర్నరుగా ఉండగా ఇళ్ల లోన్లకి బ్యాంకులు పక్కన పెట్టాల్సిన మూలధనం పెంచారు. లోన్ల టార్గెట్లు నెత్తిన ఉన్న మేం అప్పట్లో బాగా తిట్టుకున్నాం.

మీ లోను సంగతి. అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో తాళాలు బ్యాంకుకి ఇచ్చేస్తే అప్పు అక్కడితో సరి. ఇక్కడ ఫ్లాటు అమ్మినా చాలకపోతే మిగతాది మీరే కట్టాలి. మీది ఫ్లోటింగ్ (మారే) రేటైతే రెపోతో, అంటే రిజర్వు బ్యాంకు బ్యాంకులకి అప్పిచ్చే వడ్డీతో పాటు కదులుతుంది. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపల రెపో 4 నుంచి 6.5 శాతానికి ఎక్కింది. చాలామందికి ఈఎంఐ పెరగలేదు కాబట్టి టెన్షన్ పడలేదు. వాయిదాల సంఖ్య పెరిగిందని ఆలస్యంగా చూసుకున్నారు. రేటు మారినప్పుడు ఈఎంఐ పెంచాలా, గడువు పెంచాలా అన్నది కస్టమర్నే అడగాలని రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో చెప్పింది. అడగలేదా, మీరే వెళ్లి అడగండి. ఆరు నెలల ఈఎంఐలు విడిగా ఒక ఎఫ్‌డీలో వేసి ఉంచండి. జీతం ఆగడమంటే ఏమిటో మీ ఇంటికి నేను చెప్పాలా?

ఈ వారమే లోను స్టేట్‌మెంటు తీసి 'మిగిలిన వాయిదాలు' అన్నచోట చూడండి. ఇరవై ఏళ్లంటే మొత్తం 240, అందులోంచి ఇప్పటిదాకా కట్టినవి తీసేయండి. అంతకంటే ఎక్కువ కనిపిస్తే బ్రాంచికి వెళ్లి, ఎందుకు పెరిగిందో కాగితం మీద రాసిమ్మనండి.